గురూజీ చేతిలోంచి పెన్ను తీసేసుకున్నాను, ఇప్పుడు ఆయన ఎదుట పడలేకపోతున్నాను

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు వదిలేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 36 ఏళ్లు. జిల్లా పరిషత్తు మరాఠీ మాధ్యమ పాఠశాలలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నారు. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కొందరిది మాడియా అనే ఆదివాసీ భాష, పుస్తకాలు మాత్రం మరాఠీ. కంప్యూటరు, ఫోను బాగా వచ్చని కేంద్రప్రముఖ్ (కేంద్రం అనే కొన్ని బడుల సమూహాన్ని చూసే అధికారి) ఆమెను 'తంత్రస్నేహీ', అంటే సాంకేతికత తెలిసిన ఉపాధ్యాయురాలిగా ఎంపిక చేసి, చుట్టుపక్కల బడుల టీచర్లకు డిజిటల్ బోర్డును, ట్యాబులను పాఠంలో వాడటం నేర్పే పని అప్పగించారు. ఆమెకు నాలుగో తరగతిలో చదువు చెప్పిన గురూజీ ఇప్పుడు అదే బడిలో ఐదో తరగతి చెబుతున్నారు. ఆయనకు 56 ఏళ్లు, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే నెలవారీ శిక్షణ పరిషద్‌లో ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచి పేజీ తిప్పమంటే, వణికే చేత్తో మూడుసార్లు ప్రయత్నించారు, పేజీ కదలలేదు. వెనక జనం అసహనంగా ఉన్నారని గమనించి ఈమె "ఉండండి గురూజీ, మీకు రాదు, నేను చేస్తా" అంటూ ఆయన చేతిలోని పెన్ను తీసేసుకున్నారు. ఇద్దరు కుర్ర టీచర్లు నవ్వారు. గురూజీ మాట్లాడకుండా వెళ్లి చివరి వరుసలో కూర్చున్నారు. మర్నాడు చూస్తే ఐదో తరగతి గదిలో బోర్డు మీద దుప్పటి కప్పి ఉంది. దాని గురించి అడిగితే, "నాకింక రెండేళ్లే ఉంది బిడ్డా, నీ పని నువ్వు చూసుకో" అన్నారట. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాట తప్ప మరో మాట లేదు.

ఉత్తరంలో ఇంకో రెండు బాధలు ఉన్నాయి. మిగతా టీచర్లలో కొందరు బోర్డు వాడుతున్నారు కానీ, వీడియో పెట్టి పీరియడు మొత్తం పక్కన కూర్చుంటున్నారు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ రోజు పని అయిపోయినట్టే. ఒక పిల్లవాణ్ణి ఏం అర్థమైందని అడిగితే "బొమ్మలు బాగున్నాయి మేడం" అన్నాడట. రెండోది, కంప్యూటరు వచ్చు కాబట్టి యూడైస్, సరళ్ అనే ప్రభుత్వ పోర్టళ్లలో బడి, పిల్లల వివరాలు నింపడం, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఏడుగురు టీచర్ల ఆన్‌లైన్ పనులు ఆమె నెత్తినే పడుతున్నాయి. రాత్రి ఎనిమిదింటి దాకా ఇంట్లో అదే పని. ఆమె అడిగింది ఇది: గురూజీకి క్షమాపణ చెబితే, నేర్పేదానిగా నా మాట చెల్లుతుందా? ఈ బాధ్యత వదిలేయాలా? బోర్డు వాడని వారి గురించి పైకి రాయాలా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు నాకు ఒక విషయం తోచింది. మీరు దీనికి సాంకేతికత సమస్య అని పేరు పెట్టారు కానీ, ఆరు పేజీల్లో యంత్రం మొరాయించిన సంగతి నాలుగు వాక్యాలకు మించి లేదు. మిగతాదంతా మనుషుల గురించే. గురూజీకి తగిలిన దెబ్బ, మీ మీద పడిన బరువు, పిల్లలకు అందని పాఠం, ఈ మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. గురూజీ విషయం ముందు విప్పుదాం, ఎందుకంటే మిగతా రెండూ చాలావరకు అందులోనే ఉన్నాయి.

ఆ రోజు మీరు అన్న మాటల్లో "నేను చేస్తా" అన్నది గాయం చేయలేదు, "మీకు రాదు" అన్నది చేసింది. ఏది రాదు? పేజీ తిప్పడం రాదు. కానీ 30 ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషికి, తన దగ్గర చదువుకున్న అమ్మాయి నలుగురిలో ఆ మాట అంటే, పాఠం చెప్పడమే రాదన్నట్టు వినిపిస్తుంది. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే ఇద్దరు విద్యావేత్తలు 2006లో ఇదే విషయాన్ని చక్కగా విడమరిచారు. విషయం తెలియడం ఒకటి, దాన్ని పిల్లలకు చెప్పే తీరు తెలియడం మరొకటి, సాధనం తెలియడం ఇంకొకటి, ఈ మూడూ కలిసిన చోటే సాంకేతికత పాఠానికి పనికొస్తుందని వారి వాదన. ఆ లెక్కన గురూజీ దగ్గర మొదటి రెండూ నిండుగా ఉన్నాయి. మీ దగ్గర మూడోది ఉంది, మొదటి రెండూ పెరుగుతున్నాయి. నవ్విన కుర్ర టీచర్ల దగ్గర ప్రస్తుతానికి మూడోదే ఉందని, వీడియో పెట్టి పక్కన కూర్చుంటున్నారన్న మీ మాటలను బట్టే తెలుస్తోంది. అవమానం పాలైంది మాత్రం ఈ ముగ్గురిలో ఎక్కువ తెలిసిన మనిషి.

ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఉపాధ్యాయులకు కంప్యూటరు నేర్పే శిక్షణల్లో నేను కొన్నేళ్లు పనిచేశాను. అప్పట్లో నేనూ ఎన్నో చేతుల్లోంచి మౌస్ తీసుకున్నాను. త్వరగా అవుతుందని తీసుకునేవాణ్ణి. నిజంగానే ఆ పూటకు పని త్వరగా అయ్యేది. ఆరు నెలల తర్వాత ఆ బడులకు వెళ్లి చూస్తే కంప్యూటర్ల మీద గుడ్డ కప్పి ఉండేది, పైన పూల కుండీ కూడా పెట్టి ఉండేది. మీ ఉత్తరంలో దుప్పటి అన్న మాట చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచి చెబుతూ వచ్చిన మాట ఒకటుంది. హాలులో కూర్చోబెట్టి చెప్పినదీ, చేసి చూపించినదీ తరగతి గదిలోకి చేరదు, తన తరగతిలో తన పక్కన ఒకరు నిలబడి కొన్నాళ్లు తోడుగా ఉంటేనే చేరుతుంది అని. ఆ మాట మాకు శిక్షణకు ముందు తెలియలేదు, ఆ గుడ్డలు చూశాకే అర్థమైంది.

ఇక క్షమాపణ సంగతి. దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, ఏమీ అనకుండా కాలానికి వదిలేయడం. రెండేళ్లలో ఆయన విరమణ చేస్తారు, సన్మాన సభలో మీరు దండ వేస్తారు, బయటికి అంతా బాగానే ఉంటుంది. కానీ మొహం చెల్లడం లేదని మీరే రాశారు, ఆ బరువు సన్మానంతో దిగేది కాదు. రెండోది, ఇంటికి వెళ్లి చెప్పడం. మీరు పుట్టి పెరిగిన ఊరే కాబట్టి ఇది కష్టమేమీ కాదు. "ఆ రోజు తప్పు చేశాను గురూజీ" అన్నంత వరకే చెప్పండి. "మీ మంచి కోసమే", "అందరూ ఎదురు చూస్తున్నారని" లాంటివి కలపకండి, బోర్డు ఊసు ఆ పూట అసలు ఎత్తకండి. బోర్డు కోసమే క్షమాపణ అడిగారని తోస్తే రెండో గాయం అవుతుంది. ఇందులో ఒక లోటు ఉంది. దెబ్బ నలుగురిలో తగిలింది, మందు నాలుగు గోడల మధ్య రాస్తున్నారు. మూడోది, తర్వాతి పరిషద్‌లో అందరి ముందు చెప్పడం. అది న్యాయంగానే ఉంటుంది కానీ, మానిపోతున్న పుండును మళ్లీ అందరికీ చూపించినట్టు ఆయనకు అనిపించవచ్చు. నా మొగ్గు రెండోదాని వైపు. అయితే ఆయన స్వభావం తెలిసింది మీకు.

మీ మాట చెల్లుతుందా అన్న భయానికి నా జవాబు ఇది. ఇన్నాళ్లూ మీ మాట చెల్లడానికి ఆధారం మీకు వచ్చు, వాళ్లకు రాదు అన్నదే. ఆ ఆధారం మీద నిలబడితే ఎదుటివారికి కొంచెం వచ్చిన ప్రతిసారీ మీ స్థానం కొంచెం తగ్గుతుంది. తప్పు ఒప్పుకున్న మనిషి దగ్గర "నాకు ఇది రావడం లేదు" అని చెప్పడానికి మిగతా టీచర్లకూ ధైర్యం వస్తుంది. నేర్పేవారికి అంతకంటే కావలసినది ఏముంది?

ఇప్పుడు పాఠం దగ్గరికి వద్దాం. ఉత్తరం నాలుగో పేజీలో మీరు ఏదో జ్ఞాపకంగా రాసి వదిలేసిన ఒక సంగతి నన్ను పట్టి ఆపింది. మీ చిన్నప్పుడు గురూజీ ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చి, "ముగ్గురికి పంచితే వచ్చే ముక్క పెద్దదా, నలుగురికి పంచితే వచ్చేది పెద్దదా?" అని అడిగి, జవాబు చెప్పినవాళ్లకు ఆ ముక్కే ఇచ్చేవారని రాశారు. భిన్నాల్లో పిల్లలు ఎక్కువగా తప్పే చోటు సరిగ్గా అదే. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/3 కంటే 1/4 పెద్దదని అనుకుంటారు. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో గురూజీకి తెలుసు, దాన్ని పిల్లవాడి నోటనే చెప్పించి, పిల్లవాడి చేతనే దిద్దించడం తెలుసు. మీ కేంద్రంలోని బడుల్లో తిరుగుతున్న భిన్నాల వీడియోలో ఆ ప్రశ్న లేదు, జవాబు మాత్రమే ఉంది.

మరి బోర్డుకు అక్కడ పనేమిటి? పని ఉంది. కాగితాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడవడం పిల్లలకు తేలిక. మూడుగా, ఐదుగా సమానంగా మడవడం పెద్దలకే కష్టం. రొట్టెను తుంచినా అంతే. ముక్కలు సమానంగా లేకపోతే పోల్చడమే కుదరదు. బోర్డు మీద ఒకే పొడవున్న పట్టీని మూడుగా, నాలుగుగా, ఐదుగా కచ్చితంగా విడగొట్టి, ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించవచ్చు, ముక్కను వేలితో జరిపి మరో ముక్క మీద పెట్టవచ్చు, చెరిపి మళ్లీ చేయవచ్చు. జియోజెబ్రా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకసారి వేసుకుంటే దీనికి నెట్ అవసరం లేదు. కరెంటు పోతే రొట్టె ఉండనే ఉంది. అంటే రొట్టె ఆగిపోయిన చోట బోర్డు మొదలవుతుంది. మీరు గురూజీ దగ్గరికి బోర్డు పట్టుకుని వెళ్లారు, ఆయన పాఠం ఎక్కడ ఆగుతోందో అడగలేదు. తోటి టీచర్లందరి దగ్గరా ఈ వరుసను తిప్పి చూడమని నా సలహా. "ఈ బోర్డులో ఏమేం ఉన్నాయో చూపిస్తా" అని మొదలుపెట్టకుండా, "ఈ నెలలో మీ పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కనిది ఏమిటి?" అని అడగండి. దానికి యంత్రం అక్కర్లేదని తేలితే అదీ మంచిదే, వదిలేయండి. ఒక టీచరు, ఒక పాఠం, మూడు వారాలు అనుకుంటే ఏడాదిలో చాలా తక్కువమందికే అందుతుంది, పైవాళ్లకు ఇచ్చే లెక్కలో సంఖ్య చిన్నదిగా ఉంటుంది, మీకు ఒక మాట పడవచ్చు కూడా. పదిమందికి ఒకేసారి చూపిస్తే సంఖ్య పెద్దదిగా ఉంటుంది, దుప్పట్లు కూడా పెరుగుతాయి.

వాళ్ల గదిలో పక్కన నిలబడినప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి. ఇది అక్షరాలా చెబుతున్నాను. వేలు వాళ్లదే తెరను తాకాలి. మూడుసార్లు తప్పితే నాలుగోసారి కూడా తప్పనివ్వండి. ఆ కాసేపు నిశ్శబ్దం భరించడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమని నా అనుభవం.

భాష విషయం మీరు రెండు పంక్తుల్లో తేల్చేశారు కానీ, నా దృష్టిలో పిల్లలకు పాఠం అందకపోవడానికి అసలు కారణం అక్కడే ఉంది. ఇంట్లో తెలుగు విని వచ్చిన పిల్లవాడికి వేగంగా నడిచే మరాఠీ వీడియో చూపిస్తే వాడికి మిగిలేది బొమ్మలే, అందుకే "బొమ్మలు బాగున్నాయి" అన్నాడు, అబద్ధం చెప్పలేదు. పెరూలో గ్రామీణ ప్రాంతాల 319 ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకాన్ని పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో, కంప్యూటర్ల వాడకం ఎంతో పెరిగినా గణితంలో, భాషలో పిల్లల ఫలితాలు మారలేదని తేలింది. యంత్రం చేరడం వేరు, పాఠం చేరడం వేరు. మీ రాష్ట్రంలోనే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. సోలాపూర్ జిల్లా పరితేవాడిలో జిల్లా పరిషత్తు ఉపాధ్యాయుడు రంజిత్‌సింహ్ డిసలే, తన పిల్లలు కన్నడం మాట్లాడతారనీ పుస్తకం వారి భాషలో లేదనీ చూసి, తాను ఆ భాష నేర్చుకుని పాఠాలను వారి భాషలోకి మార్చి, పుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు అతికించి, వాటి ద్వారా పద్యాలు, కథలు, పాఠాలు వినిపించారు. 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది, ఆ పది లక్షల డాలర్లలో సగం తుది వరుసలో ఉన్న మిగతా తొమ్మిదిమందికి పంచేశారు. అందరూ క్యూఆర్ కోడ్‌ను గుర్తుపెట్టుకున్నారు. నాకైతే ఆయన ముందు భాష నేర్చుకోవడం పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆయన కష్టపడి నేర్చుకున్నది మీకూ గురూజీకీ పుట్టుకతోనే ఉంది.

దాన్ని ఎలా వాడాలి అన్నదానికి రెండు మార్గాలు చెబుతాను. తేలికైనది దీక్షా, బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే యాప్. అందులో విద్యా బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకునే చోట తెలంగాణ, తెలుగు అని పెడితే గోదావరి అవతలి ఒడ్డున పిల్లలు చదివే పాఠాల సామగ్రి కనిపిస్తుంది, సిగ్నల్ ఉన్నచోట దించుకుని బడిలో నెట్ లేకుండా చూపించవచ్చు. చిక్కు ఎక్కడంటే అక్కడ భిన్నంలో పైది లవం, కిందిది హారం, మీ పుస్తకంలో అవే అంశ్, ఛేద్. పరీక్ష మరాఠీలో రాయాల్సిన పిల్లవాడు రెంటి మధ్య నలిగిపోతాడు. రెండో మార్గం, మరాఠీ పుస్తకాన్నే ముందు పెట్టుకుని, దానికి మీ ఊరి తెలుగులో నాలుగైదు నిమిషాల మాటను ఫోనులో రికార్డు చేసుకోవడం. ఛేద్ అన్న మాటను తెలుగు పిల్లవాడికి బట్టీ పట్టించనక్కర్లేదు. ఛేదించడం అంటే కోయడం, ఎన్ని ముక్కలు కోశామో చెప్పేది కాబట్టి కింది అంకె ఛేద్ అయిందని చెబితే మరాఠీ మాట తెలుగు దారిలోనే వాడికి దొరుకుతుంది. ఇది ఏ వీడియోలోనూ రాదు, రెండు భాషల్లో బతికినవారికే తడుతుంది. శ్రమ ఎక్కువ, వారానికి ఒకటి రెండు మించి కావు. కేంద్రప్రముఖ్ మరాఠీ బడిలో తెలుగేమిటని అడగవచ్చు. జాతీయ విద్యా విధానం 2020 కనీసం ఐదో తరగతి దాకా వీలైనంతవరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పిన సంగతి, మీరు మరాఠీ నుంచి తప్పించడం లేదు, మరాఠీకే దారి వేస్తున్నారన్న సంగతి మర్యాదగా చెప్పండి. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి, తరగతిలోని మాడియా పిల్లలకు తెలుగు కూడా మరాఠీ లాంటి పరాయి భాషే కావచ్చు. వాళ్ల ఇళ్లలోని పెద్దపిల్లల చేత ఆ నాలుగు నిమిషాలు మాడియాలో చెప్పించగలరేమో చూడండి.

ఆ రొట్టె పాఠం రికార్డు చేయడానికి గొంతు ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. అయితే తొందరపడకండి. ముందు మీ క్షమాపణ, కొన్నాళ్ల తర్వాత, "మా పిల్లలకు మీ రొట్టె పాఠం చెప్పాలనుంది, మీరు అడిగిన వరుస నాకు గుర్తు రావడం లేదు" అని అడగండి. ఆయన చెబితే ఫోనులో వినిపించే అనుమతి అడగండి. కాదంటే విని, నేర్చుకుని, మీ తరగతిలో చెప్పండి. ఆయన పేరుతో చెప్పండి.

ఆన్‌లైన్ పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక్కసారిగా మానేస్తే నష్టపోయేది పిల్లల నమోదు, భోజనం లెక్క, కాబట్టి అది దారి కాదు. ఇలాగే చేస్తూ పోతే తంత్రస్నేహీ అంటే పోర్టల్ నింపే మనిషి అని స్థిరపడిపోతుంది, పాఠం పక్కన నిలబడే సమయం మీకు ఎప్పటికీ దొరకదు. మధ్యేమార్గంగా, ముఖ్యాధ్యాపకుడితో మాట్లాడి వారంలో ఒక రోజు బడి వేళలోనే గంట సమయం పెట్టించుకోండి. ఆ గంటలో ఎవరి పని వారు మీ పక్కన కూర్చుని చేసుకుంటారు, ఇంటికి మాత్రం ఏ పనీ రాదు. మొదటి రెండు నెలలు రుసరుసలు తప్పవు.

ఫొటోల విషయంలో కేంద్రప్రముఖ్‌తో తగవు పెట్టుకోకండి, ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. ఫొటో కింద ఒక వాక్యం కలుపుదామని అడగండి: పాఠానికి ముందు పిల్లవాడు ఏమన్నాడు, తర్వాత ఏమన్నాడు. వీడియో పెట్టి కూర్చున్నవారికి ఆ వాక్యం రాయడం కష్టమవుతుంది, మీరు ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు. పైకి రాయాలా అన్నదానికి మాత్రం నా అభిప్రాయం స్పష్టం. బోర్డు మీద దుప్పటి కప్పారని రాస్తే, రెండేళ్లలో విరమణ చేసే మనిషికి నోటీసు వస్తుంది, దుప్పటి తొలగుతుంది, పాఠం మారదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? పిల్లలకు హాని జరుగుతున్న సంగతి ఏదైనా ఉంటే అది వేరు, అలాంటిది మీ ఉత్తరంలో లేదు.

బాధ్యత వదిలేయడం తప్పేమీ కాదు. వదిలితే మీ సాయంత్రాలు మీకు వస్తాయి, మీ తరగతి మీద మనసు నిలుస్తుంది. అదే సమయంలో ఆ స్థానంలోకి ఆ రోజు నవ్విన ఇద్దరిలో ఒకరు రావచ్చు. ఈ విద్యా సంవత్సరం చివరిదాకా పైన చెప్పిన పద్ధతిలో ఇద్దరు టీచర్లతో మాత్రమే పనిచేసి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. నిర్ణయం ఏదైనా కేంద్రప్రముఖ్‌కు కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి, తర్వాత వచ్చేవారికి అది పనికొస్తుంది.

ఐదో తరగతి గదిలోని ఆ దుప్పటిని మాత్రం మీరు తీయకండి, పిల్లల చేత తీయించకండి. గురూజీ ఏదో ఒక రోజు తానే తీసి, పట్టీలు గీయడం ఎలాగని అడిగితే, అప్పుడు వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పక్కన నిలబడండి. ఆ రోజు వస్తే, ఆయన మొదట ఏ పాఠం అడిగారో నాకు రాయండి.